గుడ్డకు కాళ్ళుండవు: దోహా ఎగ్జిబిషన్ షెడ్డులో నేర్చుకున్న పని

ఎగ్జిబిషన్ స్టాళ్ళు కట్టే పనిలోకి ఇప్పుడు చదువుకున్న పిల్లలు వస్తున్నారు. మంచిదే. కంప్యూటర్లో గోడ గీస్తారు, రంగు వేస్తారు, పక్కన ఒక మనిషి బొమ్మ కూడా పెడతారు. ఆ గోడ నిజంగా నిలబడుతుందా అని అడిగితే మాత్రం, అది కాంట్రాక్టర్ చూసుకుంటాడంటారు. ఆ కాంట్రాక్టర్ కింద పని చేసినవాణ్ణి నేను. అందుకే ఈ నాలుగు మాటలు.

దర్జీలు, గుడారాలు కుట్టేవాళ్ళు, నేసేవాళ్ళు పక్కన పడేసిన ముక్కలతో ఎగ్జిబిషన్ గదులు కట్టడం నా పని. తొంభైలలో ఖతర్‌లో మొదలుపెట్టి, చేతులు వణికే వయసు వచ్చేదాకా అదే చేశాను. ఏ సంవత్సరం ఏ హోదాలో ఉన్నానన్నది ఇక్కడ రాయను. అది తెలిస్తే ఎవరికీ పని రాదు.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. వాక్యం ఎక్కడైనా కుంటితే సర్దుకోండి. పని విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

మగ్గం తర్వాత

మాది సిరిసిల్ల పక్కన పల్లె. ఇంట్లో గుంట మగ్గం. బడికి పోవలసిన వయసులో కండెలు చుట్టాను, మీసాలు వచ్చే వయసుకు మగ్గం గుంటలో కూర్చున్నాను. పవర్‌లూములు వచ్చాక మా మగ్గాలకు పని తగ్గింది. మా వాడలో కొందరు బొంబాయి పక్కన భీవండి మిల్లులకు వెళ్ళారు, నేను విమానం ఎక్కాను. ఇంటి దగ్గర అందరూ నేను దుబాయ్‌లో ఉన్నానని చెప్పుకునేవారు. దుబాయ్ కాదు ఖతర్ అని రెండు మూడు సార్లు చెప్పి ఊరుకున్నాను.

మొదటి రెండు ఎండాకాలాలు రాస్ లఫాన్‌లో ఇనుము కట్టాను. అప్పుడు అక్కడ రేవు కడుతున్నారు. చేతి తొడుగులున్నా కడ్డీ కాలేది. నేతగాడి వేళ్ళు వేరు. నేసేటప్పుడు తెగిన పోగును కంటితో వెతికితే కుదరదు, వేలితో తడిమి పట్టుకోవాలి. రెండేళ్ళలో నా వేళ్ళు మొద్దుబారాయి. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే దారం తగిలిందో లేదో తెలిసేది కాదు. ఎండకు నేను భయపడలేదు గానీ, దానికి భయపడ్డాను. ఇంకో రెండేళ్ళు అక్కడే ఉంటే ఇంటికి పోయి మళ్ళీ మగ్గం మీద కూర్చున్నా ఈ చేతులు పనికిరావని అర్థమైంది.

మా కంపెనీ సైట్లకు మనుషులను పంపేది. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో దానికి ఒక షెడ్డు కూడా ఉండేది. అందులో వడ్రంగులు ఎగ్జిబిషన్ స్టాళ్ళు తయారుచేసేవారు. ఒకరోజు ఆ షెడ్డు మేనేజర్ అబూ నాదర్ మేముండే క్యాంపుకు వచ్చి, గుడ్డ పని ఎవరికి తెలుసని అడిగాడు. ఆయన పాలస్తీనా మనిషి. ఒళ్ళూ లావే, గొంతూ లావే. అరబ్బీలో తిట్టి, ముక్కల హిందీలో బుజ్జగించేవాడు. నేను చెయ్యెత్తాను. కుట్టుపనా నేతపనా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నన్ను షెడ్డుకు తీసుకెళ్ళి విషయం చెప్పాడు. ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో చేతిపనుల ఎగ్జిబిషన్ ఒకటి జరగబోతోంది. అందులో ఎడారి నేతకు ఒక గది కట్టాలి. గది గోడల్లో ప్లైవుడ్ కనబడకూడదు. కొత్త గుడ్డ వాడకూడదు. అక్కడి గుడారాలవాళ్ళ దగ్గర, దర్జీల దగ్గర మిగిలిన ముక్కలతోనే కట్టాలి. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళు కోరిందే అది.

"చూడు రాజా," అన్నాడు అబూ నాదర్. నా పేరు రాజన్న, ఆయన నోటికి రాజా అయింది. "ఇది నిలబడితే ఈ షెడ్డులో గుడ్డ పనికి ఒక సెక్షన్ పెడతా. నువ్వే చూసుకో. నిలబడకపోతే సెక్షన్ మాఫీ, లేదు. ఆ వచ్చే శనివారం రాస్ లఫాన్ బస్సులో నీ సీటు నీకే ఉంటుంది."

అప్పట్లో అక్కడ వారం శనివారంతో మొదలయ్యేది. శుక్రవారం సెలవు.

ఆయన మంచి బాసా చెడ్డ బాసా అని మీరడిగితే, అబద్ధం చెప్పని బాస్ అంటాను. పని పోతుందంటే పోతుందనే అర్థం. ఆ తర్వాత తియ్యగా మాట్లాడే బాసుల కింద కూడా చేశాను. వాళ్ళకంటే ఈయన నయం.

కళ్ళద్దాలు

షెడ్డులో డ్రాయింగులు గీసేది సామ్యూల్ గారు. నర్సాపురం వైపు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. శుక్రవారం చర్చి తప్పేవారు కాదు. వాళ్ళమ్మ ఇంట్లో కూర్చుని లేసు అల్లేదట, అందువల్ల దారం సంగతి కొంత తెలుసు.

ఆయన కాగితం ఇచ్చిన ప్రతిసారీ నేను తల ఊపి, "కళ్ళద్దాలు క్యాంపుల మర్చిపోయిన సార్, జర చదివి చెప్పుండ్రి" అనేవాణ్ణి. ఒకసారి వింటే కొలతలు చాలావరకు గుర్తుండేవి. అలా నెలరోజులు గడిపాను. ఒకరోజు ఆయన పెన్సిలు పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు.

"రాజన్నా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకసలు కళ్ళద్దాలున్నాయా?"

"లేవు సార్."

"చదువు?"

"అది గూడ లేదు."

"ఆయ్, అదన్న మాట," అన్నారు. నవ్వలేదు. "అయితే శుక్రవారం చర్చి అవగానే మీ క్యాంపుకొస్తాను. రెండు గొట్టాలు తీసి పెట్టుకోండి."

గుడ్డ తానులు చుట్టి వచ్చే అట్ట గొట్టాలు షెడ్డులో గుట్టగా పడి ఉండేవి. వాటి మీద వడ్రంగి పెన్సిలుతో నాకు అ ఆలు రాయించారు. గొట్టం తిప్పుకుంటూ రాయాలి. మూడో గొట్టం నిండేసరికి నా పేరు రాయడం వచ్చింది. క్యాంపులో వాళ్ళు "రాజన్న పెద్ద పరీక్షకు గూసున్నడు, లేపకుండ్రి" అని ఆటపట్టించారు. పట్టించనీ అనుకున్నాను.

ఆ నెలరోజుల నాటకంలో ఒక తలుపు చట్రం తప్పు కొలతకు కోసి, తప్పంతా రంపం మీద పెట్టాను. ఒక మంచి టేకు చెక్క పాడైంది. మీకు రానిదేదో మొదటి రోజే చెప్పెయ్యండి. సిగ్గు ఆ పూట ఉండి పోతుంది. పాడైన చెక్క మాత్రం తిరిగి రాదు.

కచరా అన్న మాట

ముక్కల కోసం ఊరంతా తిరిగాను. అరబ్బుల తెల్లని పొడుగు చొక్కాలు కుట్టే దర్జీలు తెల్ల పీలికలు ఇచ్చారు. ఆడవాళ్ళ అబాయాలు కుట్టేచోట నల్ల పీలికలు సంచులకు సంచులు. గుడారాల షాపులో కాన్వాసు ముక్కలు. అదే షాపులో ఒక మూల మేక వెంట్రుకలతో నేసిన పట్టీలు కనబడ్డాయి. రెండు జానల వెడల్పు, మనిషి ఎత్తు కంటే కొంచెం ఎక్కువ పొడుగు. నలుపు, ముదురు గోధుమ రంగు, మధ్యలో తెల్ల గీత. పాత గుడారాలు బాగుచేసేటప్పుడు విప్పి తీసినవట. ఇమ్మంటే షాపతను ఇవ్వలేదు. అవి నేసిన ముసలామె అల్ రయ్యాన్‌లో ఉంది, ఆమె సరే అంటేనే ఇస్తానన్నాడు.

ఆమెను అందరూ ఉమ్ హమద్ అనేవారు, అంటే హమద్ వాళ్ళమ్మ. ముఖం మీద ముసుగు, చేతుల నిండా ముడతలు. ఇంటి వెనక ఇసుక నేలలో నాలుగు మేకులు దిగ్గొట్టి, వాటి మధ్య పడుగు, అంటే నిలువు పోగులు, బిగించి, నేల మీద కూర్చుని నేస్తోంది. గుంట లేదు, చట్రం లేదు. నాలుగు మేకులే మగ్గం. అలాంటి మగ్గం నేను చూడలేదు. ఆమె అరబ్బీ నాకు సగమే అర్థమయ్యేది. ఆ సగం కూడా మా అమ్మ మాట్లాడినట్టే వినబడేది కాబట్టి మా యాసలోనే రాస్తున్నాను.

నేను చేసిన మొదటి తప్పు నోటితో. "యుమ్మా, కచరా ఉన్నదా?" అన్నాను. అమ్మా, చెత్త ఏమైనా ఉందా అని. షెడ్డులో మిగిలిన ముక్కలను అందరం కచరా అనే అనేవాళ్ళం. ఆ మాట ఆమెకూ తెలుసు.

ఆమె నేయడం ఆపింది. "కచరా నీ నోట్ల ఉన్నది. ఇది మా మేకల వెంట్రుక. మా అక్క వడికింది, నేను నేసిన. అక్క పోయింది, ఇది ఉన్నది. దీన్నేమంటవ్ నువ్వు?"

 చెప్పులు విడిచి పడుగు పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక పోగుల మీద చెయ్యి పెట్టాను. ఒకచోట పోగు తెగి ఉంది. అది వేలికి తెలిసింది. రాస్ లఫాన్ తర్వాత నా వేలికి పోగు తెలియడం అదే మొదటిసారి. రెండు కొసలు కలిపి మా ఊరి ముడి వేశాను. ఆమె ముందుకు వంగి, ఆ ముడిని బొటనవేలితో రుద్ది చూసింది.

"నేతోనివా?"

"ఔ యుమ్మా."

"నేతోడు గట్లంటడా మరి?"

షాపులో ఉన్న పట్టీలు తీసుకోమంది, తన దగ్గరున్నవి కూడా ఇచ్చింది. ఎగ్జిబిషన్ రోజు తనే వచ్చి ఆ గది గుమ్మంలో కూర్చుని నేస్తానని కూడా చెప్పింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఏ కార్ఖానాకు వెళ్ళినా, ఏ దర్జీ దగ్గరకు వెళ్ళినా ఆ మాట నా నోట రాలేదు. మిగిలిన గుడ్డ అంటాను. చేసినవాడి ముందు వాడి పనిని చెత్త అంటే, వాడు నీకు నిజంగా చెత్తే ఇస్తాడు. మంచి ముక్క దాచుకుంటాడు.

గంజి

సామ్యూల్ గారు గీసిన గది బాగుంది. పట్టీలను నిలువుగా పక్కపక్కన కుట్టి, మనిషి ఎత్తు గోడ. అది నెలవంకలా వంగి తిరుగుతుంది. ముందు చట్రం లేదు, వెనక కర్ర లేదు.

"చూడ్డానికి బానే ఉందండీ. కానీ ఇది నిలబడుద్దంటారా?" అని ఆయనే అడిగారు.

"గంజి వెట్టి ఆరేస్తే పలక లెక్క నిలవడ్తది సార్. మా నాయిన పెట్టంగ చూసిన."

మా ఊళ్ళో పడుగుకు గంజి పెట్టడం చూసినవాళ్ళకు ఈ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. మిగతావాళ్ళు కాసేపు ఆగండి.

క్యాంపు మెస్సులో మూడు రోజులు గంజి వార్చి పట్టాను. అది చాలక అన్నం మెత్తగా ఉడికించి పిసికి కలిపాను. గంజి పులవకుండా మైలుతుత్తం వేయాలని తెలుసు. ఎక్కడ దొరుకుతుందో తెలియక వదిలేశాను. పట్టీలకు పూసి, షెడ్డు వెనక రేకుల మీద పరిచాను. ఆ ఎండకు ఒక్క పూటలో చెక్కలా బిగిశాయి. వేలితో కొడితే టక్కుమన్నాయి. నాకు మా నాన్న గుర్తొచ్చి గర్వపడ్డాను కూడా.

సోమవారం హాలులో నిలబెట్టాం. గురువారం సాయంత్రం ప్రారంభం. అబూ నాదర్ వచ్చి, గోడ చుట్టూ ఒకసారి తిరిగి, "ముమ్తాజ్" అన్నాడు. చాలా బాగుందని. సామ్యూల్ గారు మాత్రం గోడకు దూరంగా నిలబడి అదే పనిగా దాన్ని చూస్తూ ఉన్నారు. ఆయనకేదో అనుమానం. నేను పట్టించుకోలేదు.

మంగళవారం పొద్దున

ఆ హాలు సముద్రం పక్కనే. సామాన్లు దింపడానికి వెనక తలుపులు తీసి ఉంచారు, పని లేని వేళ ఏసీ ఆపేశారు. ఆ రోజుల్లో ఎండ తగ్గినా గాలిలో ఉప్పు చెమ్మ తగ్గదు. మంగళవారం పొద్దున గుమ్మంలోకి వెళ్ళకముందే పులిసిన కంపు ముక్కుకు తగిలింది.

గోడ మధ్యలో పొట్ట ముందుకు వచ్చింది. రెండు పట్టీలు కుట్టు ఊడి నేల మీద పడి ఉన్నాయి. ముట్టుకుంటే చేతికి జిగురు. నాకు చూపిస్తున్నట్టు చీమలు బారు కట్టి గోడ ఎక్కుతున్నాయి.

అబూ నాదర్ వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గోడను, చీమలను చూసి, "రాజా, శనివారం" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఆయన అరిస్తే బాగుండేది.

"తప్పులో నా వాటా ఉందండీ," అన్నారు సామ్యూల్ గారు. "గుడ్డని గోడలాగా నిలబడమని గీసింది నేనే. వెళ్ళి చెప్తాను ఆయనతో."

"వద్దు సార్. మీరు నిలవడ్తదా అని అడిగిండ్రు. నిలవడ్తదని జెప్పింది నేను."

నిజం చెప్పాలంటే ఆ పొద్దున నేను నా చేతులను చూసుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ ఇనుముకు పోతాయి ఇవి, ఈసారి పోతే మళ్ళీ తిరిగిరావు అనుకున్నాను.

మధ్యాహ్నం ఉమ్ హమద్ తాను కూర్చునే చోటు చూసుకోవడానికి వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది.

"ఈడ ఎవలన్న వండుకున్నరా?"

 ఆమె పట్టీని తాకి, వేళ్ళు వాసన చూసుకుంది.

"ఏం వోసినవ్ దీనికి?"

"గంజి. అన్నం గంజి, యుమ్మా."

ఆమె ముసుగు కదిలేంతగా నవ్వింది. నవ్వు ఆగాక నేలమీద కూర్చుంది. "మీ దేశంల గంజి వోస్తె గుడ్డ లేశి నిలవడ్తదా?"

కోపం వచ్చింది నాకు. మా నాన్న గంజి ఎలా పెట్టేవాడో చేతులతో చూపించి చెప్పాను. వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా పడుగు సాచడం, రెండు వైపులా గుంజలకు బిగించి కట్టడం, గంజి పూయడం, ఇద్దరు రెండు పక్కలా కుంచెతో దువ్వుకుంటూ నడవడం. నా అరబ్బీ సగం, హిందీ సగం, చేతులు మిగతా సగం. ఆమె అంతా విన్నది.

"గుంజలకు బిగిచ్చి గట్టిండు గద మీ నాయిన."

"ఔ."

"మరి నీ గుంజుడు ఏడ వాయె?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్నను మించిన పాఠం నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. మా నాన్న పని నాకు తెలుసనుకున్నాను. అందులో కంటికి తెల్లగా కనబడేది గంజి, అది గుర్తు పెట్టుకున్నాను. కనబడనిది లాగడం, అది మర్చిపోయాను. పడుగును గాలిలో నిలిపింది ఆ లాగడమే, గంజి కాదు. పని తెలియనివాడు ఈ తప్పు చెయ్యడు. వాడు భయపడి నాలుగు కర్రలు పాతుకుంటాడు. సగం తెలిసినవాడే ఇలా చేస్తాడు.

గుంజుడు

గుడ్డకు కాళ్ళుండవని ఆమె చెప్పింది. గుడారం నిలబడదు, అటూ ఇటూ లాగితే ఆగుతుంది. గాలి తోస్తే కొంచెం లోపలికి పోతుంది, గాలి పోతే మళ్ళీ వస్తుంది. అందుకే ఎడారిలో అంత గాలికి కూడా చిరగదు. తాళ్ళు ఎటు కట్టాలో, మేకులు ఎక్కడ దిగ్గొట్టాలో వేలితో నేలమీద గీసింది.

నేల చూపించాను. చలవరాయి. ఒక్క మేకు కూడా దిగదు.

"మేకు దిగని నేల నాకెర్క లేదు. అది నీ పని," అంది, లేచి వెళ్ళిపోయింది.

సామ్యూల్ గారూ నేనూ అక్కడే నేలమీద కూర్చున్నాం. ఆయన కొత్త కాగితం తీశారు. ఈసారి గోడ గీయలేదు. ముందు తాళ్ళు గీశారు. "ఎటు నుంచి ఎటు లాగుద్దో మీరు చెప్పండి, నేను గీస్తాను" అన్నారు. అలా మా ఇద్దరి పని మొదటిసారి ఒక పని అయింది.

మేకులకు బదులు బరువు కావాలి. గుడారాల షాపు కాన్వాసు ముక్కలతో బస్తాలు కుట్టి, ఇసుక నింపాం. ఒక్కోటి ఇద్దరు మోయాల్సినంత. నిట్టాళ్ళకు, అంటే గుడ్డను మోసే నిలువు స్తంభాలకు, గుడ్డ తానుల అట్ట గొట్టాలు మూడేసి కలిపి, అబాయాల నల్ల పీలికలతో జడలా బిగించి చుట్టాం. అట్ట గొట్టం పక్కకు వంచితే విరుగుతుంది గానీ, నిలువుగా నొక్కితే చాలా మోస్తుంది. తాళ్ళన్నీ సరిగ్గా లాగితే నిట్టాడి మీద నిలువు బరువు తప్ప మరేమీ పడదు. ఇది మాటల్లో చెప్పడం తేలిక, చెయ్యడానికి బుధవారమంతా పట్టింది. షెడ్డు వెనక పట్టీలన్నీ కడిగి గంజి వదిలించాం. తడి మేక వెంట్రుక వాసన వానలో తడిసిన మంద వాసనే. పూర్తిగా ఆరకముందే లాగి కట్టాలని ఆమె చెప్పింది, అలాగే సాచి ఆరబెట్టాం.

గురువారం పొద్దున ఆమె వచ్చి కుర్చీలో కూర్చుని మమ్మల్ని నడిపించింది. ఎదురెదురు తాళ్ళు రెండూ ఒకేసారి లాగాలి. ఒకవైపు ముందు బిగిస్తే రెండో వైపు ఎంత లాగినా సరిపోదు. "యల్లా" అంటే ఇద్దరం లాగాలి, చెయ్యెత్తితే ఆగాలి. ఒక మనిషి తక్కువ పడ్డాడు. అబూ నాదర్ గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

ఉమ్ హమద్ ఆయన వైపు తిరిగింది. "ఓ లావుటాయనా, బుగులు వడ్డట్టు నిలవడ్డవేంది? ఆ తాడు వట్టు."

ఆయన మా ముగ్గురి మొహాలూ చూశాడు. వాచీ విప్పి జేబులో వేసుకుని తాడు పట్టుకున్నాడు. అరగంట పట్టుకున్నాడు. చొక్కా తడిసింది. సామ్యూల్ గారు నా చెవిలో, "ఈవిణ్ణి మన షెడ్డుకి మేనేజర్‌గా పెట్టుకుంటే ఎంత బావుండునండీ" అన్నారు. నవ్వు ఆపుకోలేక నా చేతిలో తాడు జారింది. "హిందీ," అని ఆమె కేకేసింది. వాళ్ళ భాషలో అంటే ఇండియావాడా అని. మళ్ళీ మొదటినుంచి లాగించింది.

గది ఆగింది. నిలబడలేదు, ఆగింది. దీపాలు లోపల పెట్టకుండా వెనక నుంచి వేశాం. మేక వెంట్రుక నేత పల్చన కాబట్టి పట్టీల్లోంచి వెలుగు నూకలు చల్లినట్టు లోపల పడింది. అది నేను అనుకుని చేసింది కాదు. పనిలో అలాంటివి అప్పుడప్పుడు దొరుకుతాయి, దొరికినప్పుడు నాదే ఆలోచన అని చెప్పుకోకండి.

సాయంత్రం జనం వచ్చారు. పెద్దమనిషి ఒకాయన మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు మోచెయ్యి ఆనించాడు.  గోడ జానెడు లోపలికి పోయింది, ఆయన చెయ్యి తియ్యగానే మళ్ళీ వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయి ఇంకోసారి నొక్కి చూశాడు. కొంతసేపటికి ఒక ముసలి ఖతరీ ఆయన వచ్చి, గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి నేలమీద కూర్చున్నాడు. ఉమ్ హమద్ నేస్తూనే ఆయన్ని పలకరించింది. వాళ్ళిద్దరూ ఏ ఊరి మేకల గురించో మాట్లాడుకున్నారు. జనం వాళ్ళ చుట్టూ కూర్చున్నారు. ఎగ్జిబిషన్ అనే మాట అక్కడ ఎవరికీ గుర్తులేదు. అబూ నాదర్ అదంతా దూరం నుంచి చూసి, నాతో ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మీకు చెప్పేది

ఈ మధ్య మిగిలిన గుడ్డతో అలంకరణ అని చాలా చూస్తున్నాను. ప్లైవుడ్ గోడ కట్టి దాని మీద పీలికలు జిగురుతో అంటిస్తారు. అది గోడకు పిడకలు కొట్టడం. గుడ్డ అక్కడ ఏ పనీ చెయ్యడం లేదు, ప్లైవుడ్ చేస్తోంది. గుడ్డ తన బరువు తను మోస్తేనే దాన్ని వాడినట్టు.

ముక్క దొరికిన చోటికి మీరే వెళ్ళండి. ఎవరితోనో తెప్పించుకుంటే గుడ్డ వస్తుంది, దాన్ని ఎటు లాగాలో రాదు. అది చేసినవాళ్ళ చేతుల్లో ఉంటుంది. నేను తర్వాత ఒక పెద్ద హాలుకు తెల్ల చొక్కాల పీలికలతో పైకప్పు చేశాను, దర్జీని ఒక్క మాట అడగకుండా. ఆ గుడ్డలో సగం ఒకవైపుకు సాగే రకం. మూడు రోజులకు ఉయ్యాలలా వేలాడింది. అడిగి ఉంటే అతను టీ తాగే లోపు చెప్పేవాడు.

బాస్ మాట వినండి, కానీ గుడ్డ మాట ముందు వినండి. తప్పు జరిగితే మీ వాటా మీరు చెప్పండి. సామ్యూల్ గారు తనది కాని సగం తప్పును తన మీద వేసుకోబోయారు. అలాంటివాడు పక్కన ఉంటే ఏ పనికైనా ధైర్యం వస్తుంది. మీరు కూడా ఎవరికో ఒకరికి అలాంటివాళ్ళు అవండి.

శనివారం

శుక్రవారమంతా ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. శనివారం పొద్దున సంచి సర్దుకుని రాస్ లఫాన్ బస్సు దగ్గర నిలబడ్డాను. ఫోర్‌మన్ పేర్లు పిలిచాడు. అందరూ ఎక్కారు. నా పేరు పిలవలేదు. చివర్లో అడిగితే చీటీ నా చేతికే ఇచ్చాడు, నువ్వే చూసుకో అని. సామ్యూల్ గారు నా పేరును ఇంగ్లీషులో కూడా రాయడం నేర్పారు. పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. లేదు. బస్సు వెళ్ళిపోయింది.

షెడ్డుకు చేరేసరికి ఆలస్యమైంది. అబూ నాదర్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఎక్కడికి పోయావ్ ఇంతసేపు?"

"రాస్ లఫాన్ బస్సు కాడికి, సార్."

"ఎందుకు?"

"మీరన్నరు గద."

"నేను చాలా అంటాను," అన్నాడు. నడవమని తల ఊపి, షెడ్డు చివర ఉన్న రేకుల గది దగ్గరికి తీసుకెళ్ళాడు. లోపల ఎండిపోయిన రంగు డబ్బాలు. "ఇవన్నీ తీయించు. కిటికీ లేదు, ఒకటి కోయించు. గుడ్డకు గాలి కావాలని ఆ ముసలమ్మ నాకు ఒక గంట క్లాసు పీకింది."

డబ్బాలు తీసి ఊడ్చేసరికి సామ్యూల్ గారు వచ్చారు, కొత్త రంగు డబ్బా, కుంచె పట్టుకుని. తలుపు మీద ఏం రాయాలండీ అని అడిగారు. నేనే రాస్తానన్నాను. కుంచె బరువుగా ఉంది, పెన్సిలులా కాదు. రెండు మాటలు రాయడానికి చాలాసేపు పట్టింది. ఆయన పక్కనే నిలబడ్డారు గానీ, ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

అబూ నాదర్ వచ్చి ఏం రాశాడని అడిగాడు.

"గుడ్డ పని, అని రాశారండీ," అన్నారు సామ్యూల్ గారు. ఆయనకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పారు.

"ఖలాస్, ఇక అంతే," అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అప్పటికే గేటు దగ్గర అబాయా దర్జీలు పంపిన సంచులు దిగుతున్నాయి. వెళ్ళి మొదటి సంచి మూతి విప్పి, చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని ఏ రకం గుడ్డో చూసుకున్నాను.